నిర్మొహమాటంగా చెప్పమన్నారు, చెబితే దూరం పెట్టారు

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరానికి ఈసారి సమాధానం ఇస్తున్నాను. పేర్లూ, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలూ తీసేసి విషయం మాత్రం చెబుతాను. ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కల టీచరు, వయసు నలభైకి దగ్గర. చిన్నతనంలో కొన్నేళ్లు సంగీతం నేర్చుకున్నారు, పెళ్లితో అది ఆగిపోయింది. మూడేళ్ల కిందట తల్లి పోయిన తర్వాత ఇంట్లో ఏ పనీ తోచని రోజుల్లో, ఎదురింటి స్నేహితురాలు ఆమెను ఒక అభిమాన సంఘానికి తీసుకువెళ్లారు. అన్నమయ్య సంకీర్తనలు పాడి పేరు తెచ్చుకున్న ఒక గాయకుడి అభిమానులు పెట్టుకున్న సంఘం అది. నెలకొక ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి మేడ మీద కలుస్తారు, ఆయన పాటలు వింటారు, తామూ పాడుకుంటారు, గుగ్గిళ్లు తిని ఇళ్లకు వెళతారు. అన్నమయ్య వర్ధంతికి జరిగే గోష్ఠిగానంలో జట్టుగా కూర్చుని పాడతారు. "అమ్మ పోయాక నాకు మళ్లీ గొంతు పెగిలింది అక్కడే" అని ఆమె రాశారు.

గడిచిన సమావేశంలో ఆ గాయకుడు కొత్తగా విడుదల చేసిన సంకీర్తనల సంపుటిని అందరూ కలిసి విన్నారు. సంఘం అధ్యక్షుడు, రిటైరైన పెద్దమనిషి, "అందరూ మనవాళ్లే కదా, నిర్మొహమాటంగా చెప్పండి" అన్నారు. ఒక్కొక్కరూ అమృతమనీ, సాక్షాత్తు అన్నమయ్యే దిగివచ్చాడనీ చెప్పుకుంటూ వచ్చారు. తన వంతు వచ్చినప్పుడు ఈమె మూడు మాటలు చెప్పారు. ఒక కీర్తనలో "శేషాచలవాసా" అన్న పిలుపును "శేషా" దగ్గర ఆపి, ఊపిరి తీసుకుని, "చలవాసా" అని ఎత్తుకోవడం వల్ల అర్థం చెడిందన్నారు. కీబోర్డు, డ్రమ్స్ మోత కింద సాహిత్యం వినబడడం లేదనీ, పాత క్యాసెట్లలోని నిదానమే తనకు ఎక్కువ నచ్చేదనీ అన్నారు. చివరగా, "సార్ గొంతులో వయసు తెలుస్తోంది, పైస్థాయికి పోకుండా ఉంటే బాగుండేదేమో" అన్నారు. గుగ్గిళ్ల గిన్నె పట్టుకుని వరుసలో వస్తున్న ఆవిడ ఈమె దాకా రాకుండానే వెనక్కి తిరిగిందట. "స్వామివారి పాటకే వంక పెడతావా, నువ్వేమన్నా పెద్ద విద్వాంసురాలివా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మెట్లు దిగుతున్నప్పుడు మాత్రం ఒక ముసలాయన పక్కకు వచ్చి, "నువ్వు చెప్పింది నిజమే తల్లీ, కానీ ఆడ చెప్పకుండా ఉండాల్సింది" అని చెప్పి గబగబా వెళ్లిపోయారు.

తర్వాత జరిగినవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ల గురించి సంఘం వాట్సాప్‌లో సూక్తులు మొదలయ్యాయి. గోష్ఠిగానం సాధన ముందురోజు "ఈ తూరికి మీరు రావద్దులే అక్కా" అని ఫోను వచ్చింది. ఎదురింటి స్నేహితురాలు గేటు దగ్గర కనబడినా తలవంచుకుని లోపలికి వెళ్లిపోతున్నారు. పన్నెండేళ్ల కూతురికి సంగీతం నేర్పే టీచరు కూడా ఆ సంఘం సభ్యురాలే. ఇప్పుడు ఆమెకు టైము కుదరడం లేదట. ఇదంతా చాలదన్నట్లు, గొంతు పోయిందని ఈమె నలుగురిలో అన్నదని గాయకుడి చెవిన వేశారు. ఆయన పుట్టినరోజు సన్మానంలో వేదికెక్కి, "తెలియక మాట్లాడాను, సంగీతం గురించి చెప్పే అర్హత నాకు లేదు" అంటే మళ్లీ చేర్చుకుంటామని అధ్యక్షుడు కబురు పంపారు. "నీకెందుకొచ్చిన తంటా, ఒక్క మాట చెప్పేస్తే పోతుంది కదా" అని భర్త అంటున్నారు. తాను అన్నది తప్పా, క్షమాపణ చెప్పాలా, సంఘం మానేయాలా, ఆయన పాట ప్రాణం కాబట్టే అన్నానన్నది ఒక్కరికీ ఎందుకు అర్థం కాలేదు అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మీరు అన్నది తప్పా అన్నదానికి ఒక్క మాటలో జవాబు లేదు, ఎందుకంటే ఆ సాయంత్రం మీరు చెప్పినవి మూడు వేర్వేరు రకాల మాటలు. మీరు వాటిని ఒకే ఊపులో చెప్పారు, వాళ్లు ఒకే దెబ్బగా విన్నారు, ఇప్పుడు అధ్యక్షుడు గారు మూడింటినీ కలిపి వెనక్కి తీసుకోమంటున్నారు. అందుకే మీకు కూడా అన్నీ కాదనడం, లేదా అన్నింటికీ కట్టుబడడం అనే రెండే దారులు కనబడుతున్నాయి.

పదవిరుపు సంగతి మొదట చూద్దాం. అచలమంటే కదలనిది, అందుకే కొండకు ఆ పేరు. "శేషా" అని ఆపి ఊపిరి తీసుకున్నాక మిగిలేది "చలవాసా". ఏడుకొండలవాడి చేత కదిలేదాంట్లో కాపురం పెట్టించినట్లయింది. తాళంలో ఇమడ్చడానికి మాటను విరవడం కర్ణాటక సంగీతంలో కొత్త కాదు. తెలుగు రాని విద్వాంసులు త్యాగరాజ కీర్తనలను విరిచి పాడతారని మనవాళ్లు ఎన్నేళ్లుగా నొచ్చుకుంటున్నారో మీకు తెలుసు. పొరుగువాళ్లు పాడితే దోషమైనది మనవాడు పాడితే భావావేశం ఎట్లా అవుతుంది? ఇది ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు, రికార్డు మళ్లీ పెట్టి విని ఎవరైనా తేల్చుకోగలిగింది. దీన్ని పట్టుకోవడానికి విద్వాంసురాలు కానక్కర్లేదు, తెలుగు వస్తే చాలు. ఇందులో మీరు వెనక్కి తీసుకోవలసింది నాకేమీ కనబడలేదు.

వాద్యాల మోత విషయం అట్లా కాదు. మీ చెవి తంబురా, వయొలిన్, మృదంగాలకు అలవాటు పడింది. కారులో పాట పెట్టుకుని కొండకు వెళ్లే కుర్రవాళ్లకు ఆ డ్రమ్సే హుషారు. నచ్చలేదని మీరు అనవచ్చు, నచ్చిందని వాళ్లు అనవచ్చు, ఇందులో గెలుపోటములు లేవు. సాహిత్యం వినబడడం లేదన్నది మాత్రం ఆలోచించవలసిన మాటే, కానీ అది మిక్సింగ్ చేసినవాళ్ల పనితనానికి సంబంధించినది కావచ్చు, దాన్ని గాయకుడి ఖాతాలో వేయనక్కర్లేదు.

మూడోది, వయసు మాట. ఇందులోనూ పనికొచ్చే సలహా ఉంది. వయసు పైబడిన కొద్దీ శ్రుతి తగ్గించుకుని, పైస్థాయిని పొదుపుగా వాడుకునే విద్వాంసులు చాలామంది ఉన్నారు, అది చిన్నతనమేమీ కాదు. కానీ పదవిరుపును ఆయన రేపటి కచేరీలో దిద్దుకోగలరు, వయసును దిద్దుకోలేరు. మనిషి చేతిలో లేనిదాన్ని, ఆయన లేనిచోట, ఆయన్ను ప్రేమించే మనుషుల మధ్య అనడం వేరే రకం మాట. మీ ఉద్దేశం మంచిదే, సందేహం లేదు. అయినా ఆ మూడింటిలో గాయకుడి దాకా ప్రయాణం చేసింది ఏది? "శేషాచల" చేరలేదు, డ్రమ్స్ చేరలేదు. వయసు మాటే చేరింది, అది కూడా "గొంతు పోయింది" అని కుదించుకుపోయి చేరింది. మోసేవాళ్లు తమకు వీలైనదాన్నే మోసుకుపోతారు.

ఇక "స్వామివారి పాటకే వంక పెడతావా" అన్న మాట దగ్గరికి వస్తాను, మీ చిక్కంతా అక్కడ మొదలైంది కాబట్టి. సినిమా హీరో అభిమానులైతే "మా హీరోనే అంటావా" అని తగువుకు వస్తారు, పైన ఇంకెవరూ ఉండరు. తిరుపతిలో సంకీర్తనలు పాడే గాయకుడి అభిమానులకు ఇంకో సౌకర్యం ఉంది: గాయకుడి వెనక అన్నమయ్య, అన్నమయ్య వెనక వేంకటేశ్వరస్వామి నిలబడి ఉంటారు. ముందున్నవాణ్ణి అంటే వెనకున్న ఇద్దర్నీ అన్నట్లే లెక్క. గాయకుడి పక్షాన వాదిస్తే మీరు జవాబు చెప్పగలిగేవారు. స్వామి పక్షాన మాట్లాడేసరికి నోరు పెగలలేదు. కానీ ఆ పాటలో ఎవరి పని ఎంతో ఒకసారి విడదీసి చూడండి.

అన్నమాచార్యులు (1408–1503) 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో దాచారు. మనకు దొరికినవి చెప్పుకునే ఆ సంఖ్యలో సగానికి లోపే. ఇరవయ్యో శతాబ్దంలో అవి వెలుగుచూశాక వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు కూర్చుని పరిష్కరించారు. రేకు మీద పాటతో పాటు రాగం పేరు ఉంటుంది, స్వరం ఉండదు. ఆ రాగాల్లో కొన్నింటిని ఈనాడు పాడేవాళ్లే లేరు. అంటే ఈరోజు మనం వింటున్న బాణీలు దాదాపుగా అన్నీ మన కాలపు విద్వాంసులు కట్టినవే. సాహిత్యం అన్నమయ్యది, బాణీ కట్టినవారిది, ఊపిరి పాడినవారిది, డ్రమ్స్ స్టూడియోవాళ్లవి. మీరు వంక పెట్టింది చివరి రెండింటికి. ఆ మాటకొస్తే, అన్నమయ్య మాట విరగకూడదని పట్టుబట్టింది ఆ మేడ మీద మీరొక్కరే.

రాళ్లపల్లివారి పేరు ఎత్తాను కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పనివ్వండి. అన్నమయ్య పాటలు పాడే ఏ బృందమైనా ఆయన స్వరపరిచిన కీర్తనలు ఒకటి రెండైనా పాడకుండా ఉండదు. ఆయన సంగీత విద్వాంసుడే కాదు, గట్టి విమర్శకుడు కూడా. 1928లో వేమన మీద ఇచ్చిన ఉపన్యాసాల్లో, ఎంత ఇష్టమైన కవినైనా పూజించి వదిలేయకుండా తూచి చూడడం ఎట్లాగో చేసి చూపించారు. ఆయన యువకుడిగా ఉన్నప్పుడు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు పండితుడిగా చేరడానికి ప్రోత్సహించినది కట్టమంచి రామలింగారెడ్డి, మన చిత్తూరులోని కట్టమంచిలో పుట్టినవారు. ఆ రెడ్డిగారే 1914లో "కవిత్వతత్త్వ విచారము" వెలువరించి, పింగళి సూరన కథాకల్పనను మెచ్చుకుంటూ, ప్రబంధకవుల వర్ణనల మోజును నిర్దాక్షిణ్యంగా తప్పుపట్టారు. పండితులు మండిపడ్డారు. ఈనాడు ఆధునిక తెలుగు విమర్శ గురించి మాట్లాడితే ఆయన పేరుతోనే మొదలుపెడతాం. మీకు లేని ధైర్యం తెప్పించడానికి ఇది చెప్పడం లేదు. ఆయనకున్న హోదా మీకు లేదు, మీకున్న ఎదురింటి గేటు ఆయనకు లేదు. భక్తి ఉన్నచోట విమర్శ ఉండకూడదన్న మాట మన ప్రాంతంలో చెల్లదని చెప్పడానికే చెబుతున్నాను. ఆ పాటలను పరిష్కరించి మన చేతికిచ్చినవారిలో ఒకరే విమర్శకూ పేరుపడ్డారు.

ఇంకో విచిత్రం చూడండి. మీ సంఘంలో ఎక్కువమంది, 1996లో ఈటీవీలో మొదలైన "పాడుతా తీయగా" చూసినవాళ్లే అయి ఉంటారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఎదురుగా నిలబడ్డ పిల్లవాడికి ముందు మెచ్చుకోలు చెప్పి, ఆ తర్వాత శకార షకారాలు కలిసిపోయిన చోటూ, శ్రుతి జారిన చోటూ చూపించి, తానే పాడి వినిపించి పంపేవారు. అదంతా రాష్ట్రమంతా చూస్తుండగానే. ఎంత బాగా చెప్పాడని ఇంటింటా మెచ్చుకున్నాం. పెద్దవాడు పిల్లవాడికి దోషం చూపిస్తే విద్య అంటాం, అదే దోషాన్ని పెద్దవాడి పాటలో చూపిస్తే పొగరంటాం. మీరు ఆ గాయకుడి కంటే గొప్పగా పాడగలిగి ఉంటే అప్పుడు అసూయ అనేవాళ్లు, కాబట్టి అర్హత లేదన్నందుకు మరీ నొచ్చుకోకండి.

చెన్నై సంగీత వర్గాల్లో ఒక ముచ్చట చెప్పుకుంటారు. సుబ్బుడు (1917–2007) అని ఒక పత్రికా విమర్శకుడు ఉండేవారు. ఆయన కలం దెబ్బకు తట్టుకోలేక ఒక సభవాళ్లు "కుక్కలకూ సుబ్బుడికీ ప్రవేశం లేదు" అని బోర్డు పెట్టారట. సుబ్బుడికి ఆ సభ కాకపోతే మర్నాడు ఇంకో సభ ఉండేది. మీకు లేదు, అసలు బాధ అది.

అభిమాన సంఘమంటే పాటలు వినేవాళ్ల సమూహమని మీరు అనుకున్నారు. మీ ఉత్తరంలో మీరే రాసిన కొన్ని వివరాలు వేరే కథ చెబుతున్నాయి: గాయకుడు వచ్చినప్పుడు రేణిగుంట విమానాశ్రయానికి కారు తీసుకుపోయేది ఎవరు, శాలువా కప్పేది ఎవరు, ఆయన పేరు పెట్టి పలకరించేది ఎవరిని అన్నదాని మీద అక్కడ పెద్దాచిన్నా తేలుతుందన్నారు. అంటే ఆ వరుసలో చోటు పాట తెలిసినందుకు రాదు, మనిషికి దగ్గరైనందుకు వస్తుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నలుగురు చుట్టూ తిరిగిన పెద్దమనిషికి, దిగిపోయిన తర్వాత ఊళ్లో మళ్లీ ఒక కుర్చీ దొరికింది. గాయకుడి పాటలో లోపం ఉందంటే ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి అన్నట్లు వినబడుతుంది. ఆయన "నిర్మొహమాటంగా చెప్పండి" అన్నది అబద్ధమేమీ కాదు. మొహమాటపడకుండా మెచ్చుకోండి అని ఆయన ఉద్దేశం, అంతే.

అయితే దీన్నంతా హోదాల కక్కుర్తి అని తీసిపారేయకండి, అది అన్యాయం అవుతుంది. తల్లి పోయిన దుఃఖంలో మీకు ఆ గొంతు ఊరట అయినట్లే, అక్కడ కూర్చున్న చాలామందికి ఏదో ఒక కష్టంలో అది ఊరట అయి ఉంటుంది. అట్లాంటి గొంతుకు వయసొచ్చిందని వినడానికి ఎవరి మనసూ ఒప్పదు. వాళ్లు మీ మీద కోపం చూపించారు. లోపల భయపడ్డారేమోనని నా అనుమానం. ఆయన పాట మీకు ప్రాణమన్నది వాళ్లకు అర్థం కాకపోలేదు, మీరు చెప్పిన ఆ ఒక్క మాట వాళ్లు తమకు తాము కూడా చెప్పుకోని మాట.

మెట్ల మీద కలిసిన ముసలాయన గురించి మీరు రెండు వాక్యాలే రాశారు కానీ, నాకు ఆ ఉత్తరంలో ముఖ్యమైన మనిషి ఆయనే. అట్లాంటివాళ్లు ఆ మేడ మీద ఇంకా ఉండే ఉంటారు. ఎవరికి వారు తామొక్కరికే నచ్చలేదేమో అనుకుని చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లు విని పక్కవాడు తానొక్కడే అనుకుంటాడు, చివరికి అందరూ మైమరచిపోయారని అధ్యక్షుడు మినిట్స్ పుస్తకంలో రాసుకుంటారు. ఆయన మీతో అన్న రెండో ముక్కను, అంటే అక్కడ చెప్పకుండా ఉండాల్సిందన్నదాన్ని, పిరికితనమని కొట్టేయకండి. వయసు మాట వరకూ ఆయన చెప్పింది నిజం. పదవిరుపు మాట వరకూ నేను ఆయనతో ఏకీభవించను. అడిగినచోట చెప్పకపోతే దాన్ని ఎక్కడ చెప్పాలి?

ఇప్పుడు మీ ముందున్న దారుల గురించి. అధ్యక్షుడు చెప్పినట్లే వేదికెక్కి ఆ మాటలు అనేస్తే ఫలితం వెంటనే వస్తుంది: గోష్ఠిగానంలో చోటు, స్నేహితురాలి పలకరింపు, పాప పాఠం. మీ భర్త అంటున్నది అందుకే. మీరు పడుతున్న బాధను రోజూ చూస్తున్నది ఆయనే కాబట్టి ఆయన్ను తప్పుపట్టను. కానీ వాళ్లు అడుగుతున్న వాక్యాన్ని మళ్లీ చదవండి. "సంగీతం గురించి చెప్పే అర్హత నాకు లేదు" అన్నది క్షమాపణ కాదు, రాజీనామా. ముందు వరుసలో మీ కూతురు కూర్చుని వింటుంది. రేపు ఆ పిల్ల గమకం తప్పిందని మీరు ఏ నోటితో చెబుతారు? అదీకాక, ఒకసారి ఈ ధర కట్టి లోపలికి వెళ్లినవాళ్లు ప్రతి నెలా కడుతూనే ఉండాలి. మీరు ఊరికే కూర్చున్నా "ఏమక్కా, మళ్లీ ఏమన్నా నచ్చలేదా?" అంటారు, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాల్సిన మనిషి మీరే అవుతారు. అయినా సరే, ఆ గుంపులో కూర్చుని పాడడం మీకు అంతకంటే ముఖ్యమనుకుంటే ఆ పని చేయడానికి మీకు హక్కుంది, నేను మిమ్మల్ని తక్కువగా చూడను. నన్నడిగితే మాత్రం వద్దంటాను.

రెండోది నాకు నచ్చిన దారి, కొంచెం ఓపిక కావాలి. వయసు మాటకు మాత్రం విచారం చెప్పి, పదవిరుపు మాట మీద నిలబడడం. సన్మానం రోజున కాదు. పూలదండల మధ్య ఆ ముచ్చట ఎత్తితే పండగ చెడగొట్టిందంటారు. ముందే ఒకరోజు అధ్యక్షుడు గారి ఇంటికి వెళ్లి, ఇట్లా అనవచ్చు: "సార్ వయసు గురించి నలుగురిలో అనకుండా ఉండాల్సింది, అది మిమ్మల్నీ ఆయన్నీ నొప్పించింది, దానికి నేను బాధపడుతున్నాను. మాట విరిగిందన్నది మాత్రం నేను విన్నదే చెప్పాను, దాన్ని వినలేదని ఎట్లా అనేది? కావాలంటే ఇద్దరం కూర్చుని ఒకసారి విందాం." ఆయన పాట పెట్టి వినకపోవచ్చు. సగం క్షమాపణ మాకొద్దు అని కూడా అనవచ్చు. అప్పుడు మీరు సంఘంలో ఉండరు, కానీ మీ వైపు నుంచి చేయవలసింది చేసినట్లవుతుంది. విషయం నలుగురికీ తెలిసి, మెట్ల మీది ముసలాయన లాంటివాళ్లు ఒకరిద్దరు నోరు తెరిచే అవకాశమూ ఉంది, దాని మీద మరీ ఆశ పెట్టుకోకండి.

గాయకుడికే నేరుగా ఉత్తరం రాయడం ఇంకో మార్గం. ఆయన చెవిన పడ్డది మీరు అన్నది కాదు గనుక, మీరు అన్నదేమిటో ఆయనకు తెలియడం న్యాయమే. రాస్తే అర పేజీ దాటవద్దు. సంఘం గొడవ ఎత్తవద్దు, ఎవరు చేరవేశారన్నది అడగవద్దు. అమ్మ పోయినప్పుడు ఆయన పాట మీకేమైందో రెండు వాక్యాలు, ఏ కీర్తనలో ఏ చరణం దగ్గర మాట విరిగిందో రెండు వాక్యాలు, వయసు గురించి అన్నమాట నొప్పించి ఉంటే మన్నించమని ఒక వాక్యం. నేను చూసినంతలో పాడేవాళ్లకు వాళ్ల అభిమానులకు ఉన్నంత కోపం ఉండదు. ఎక్కడ ఊపిరి అందలేదో వాళ్లకు ముందే తెలుసు. కానీ ఆయన ఆ కాగితాన్ని అధ్యక్షుడి చేతిలో పెడితే మీ మీద ఇంకో అభియోగం తయారవుతుంది, పెద్దల్ని దాటుకుని పోయిందని. ఒకవేళ మెచ్చుకుంటూ జవాబు రాస్తే, అది సంఘం వాళ్లకు చూపించాలని మీకు అనిపిస్తుంది. చూపించకండి.

మానేయడం గురించి కూడా అడిగారు. సంఘం పోతే పాట పోతుందని మీరు భయపడుతున్నట్లు ఉంది. మీరు ఉన్నది తిరుపతిలో. అన్నమాచార్య కళామందిరంలోనో, మహతి ఆడిటోరియంలోనో కార్యక్రమాలు జరుగుతూనే ఉంటాయి; కొండమీద నాదనీరాజనం వేదిక ముందు కూర్చుని వినడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోయేది పాట కాదు, పక్కన కూర్చుని పాడే మనుషులు. అది చిన్న నష్టమని నేననను, మళ్లీ అట్లాంటి జట్టు కుదరడానికి కాలం పడుతుంది. ఒక్క జాగ్రత్త చెబుతాను. మీరు బయటికి వచ్చారని తెలియగానే ఇంకో గాయకుడి అభిమానులు మిమ్మల్ని రెండు చేతులా పిలుస్తారు. మీ పదవిరుపు మాట వాళ్లకు మంచి ఆయుధం. కోపంలో అక్కడికి పోయారంటే, ఇన్నాళ్లూ ప్రేమతో చెప్పిన మాట పగతో చెప్పినట్లు మారిపోతుంది, పైగా అక్కడి గాయకుడి మీద కూడా ఒకరోజు మీరు నిజం చెప్పకుండా ఉండలేరు.

ఏమీ చేయకుండా కొన్నాళ్లు ఊరుకోవడం కూడా దారే. ఇట్లాంటి కోపాలు ఇంకో కోపం దొరికేదాకానే ఉంటాయి. కానీ సన్మానం తేదీ వాళ్లు పెట్టింది, దాని లోపల మీరు ఉలకకపోతే మొండితనం కింద రాసుకుంటారు.

ఎదురింటి స్నేహితురాలిని మాత్రం సంఘంతో కలిపి చూడకండి. మిమ్మల్ని అక్కడికి తీసుకువచ్చింది ఆమె కాబట్టి "నువ్వు తెచ్చిన మనిషే కదా" అని ఆమెనూ నిలదీసి ఉంటారు. గేటు దగ్గర తల వంచుకోవడానికి కోపమే కారణం కానక్కర్లేదు, ఇబ్బంది కూడా కావచ్చు. మీరే ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లండి. పాట ఊసు ఆమె ఎత్తితేనే మాట్లాడండి, "నా వల్ల నీకు మాట వచ్చిందా?" అని అడగండి, మీ పక్షాన నిలబడమని అడగకండి. ఆమె సంఘంలోనే ఉండి మీతో మాట్లాడగలిగితే అది మీ ఇద్దరికీ చాలు.

పాప పాఠం విషయంలో మాత్రం ఎదురుచూడవద్దు. టీచరుగారిని ఈ వారమే కలిసి, సంఘం సంగతి వేరు, పాప చదువు వేరు, మీరు నేర్పగలరా లేదా అని సూటిగా అడగండి. ఇబ్బందిగా ఉందంటే ఫీజు బాకీ ఉంటే కట్టేసి, నమస్కారం పెట్టించి తీసుకురండి. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో విచారించండి; అక్కడ చదువుకుని ఇళ్ల దగ్గర నేర్పేవాళ్లు కూడా ఊళ్లో దొరుకుతారు. ఎందుకు మాన్పించారని పాప అడిగితే, ఒక పాటలో నచ్చనిది చెప్పాననీ, వాళ్లకు కోపం వచ్చిందనీ ఉన్నదున్నట్లు చెప్పండి. ఆ టీచరును మాత్రం పాప ముందు తక్కువ చేసి మాట్లాడకండి. రేపు మనసు మారి ఆమే కబురు పెడితే, ఆ పిల్ల మళ్లీ ఆమె ముందు కూర్చుని పాడగలగాలి.